వార్తాక విజయము

మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని దండి మొదలుకొని మన లాక్షణికులు తేల్చేశారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం, రతోత్సవం, విరహం, పెళ్ళి, కొడుకు పుట్టడం, మంతనం, దూత, దండయాత్ర, యుద్ధం, చిట్టచివర నాయకుడి అభ్యుదయం. వీటన్నిటికీ చోటు దొరకాలంటే ఏ ద్వారకో హస్తినాపురమో కావాలని పూర్వకవులు అనుకున్నారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నాలుగో అంతస్తు వాటా, ఇద్దరు నిలబడితే మూడో మనిషి పక్కకు తిరిగి నడవాల్సిన వంటిల్లు, ఒక ఆదివారం, నలుగురు స్నేహితులు, కిలోన్నర వంకాయలు, అంటే వార్తాకాలు, చాలునని నిరూపించడానికే ఈ ప్రబంధం పుట్టింది.

కూర మీద కావ్యమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళకు ముందుగానే సమాధానం చెప్పేస్తాను. ఉదయగిరి, కొండవీడు కోటలు పట్టిన శ్రీకృష్ణదేవరాయలు ఆ చేత్తోనే ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి వడ్డన రాశాడు. ఏ ఋతువులో అతిథికి ఏం పెట్టాలో విడివిడిగా చెప్పాడు. ముసురు పట్టి కట్టెలు తడిసినా ఆ ఇంట పొయ్యి ఆరలేదు. పప్పు, వరుగులు, వడియాలు, పెరుగు, అన్నీ విస్తట్లోకి వచ్చాయి. గజపతి మీదికి దండెత్తిన చక్రవర్తికే వడియం చిన్న విషయంగా తోచలేదు. గ్యాస్ బండలు తెప్పించుకునే మనకెందుకు తోచాలి?

సంప్రదాయం ప్రకారం ఇష్టదేవతా స్తుతి. ముందుగా వంటగట్టు కింద గుహలో కొలువై, 14.2 కిలోల వాయువును ఉదరంలో దాల్చి, అతిథులు వచ్చిన రోజే చూసి అయిపోయే ఎర్రని సిలిండరు దేవతకు ఒక నమస్కారం. పక్కనే సీలు విప్పకుండా నిలబడి ఉన్న రెండో సిలిండరుకు రెండు నమస్కారాలు. ఆపైన కథానాయికకు:

వంగ తల్లి నీవు వంటింటి రాణివి
నూనెలోన మునిగి నువ్వు పూసి
కారమెల్ల దాల్చి కడుపున శాంతివై
మమ్ము కావుమమ్మ మంట మీద

గణాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆటవెలదే.

ఇక కుకవి నింద. వంటింటి గుమ్మానికి ఆనుకుని "ఎందుకండీ ఇంత శ్రమ, బయటినుంచి తెప్పించుకుంటే పోయేది కదా" అనేవాడు మొదటి కుకవి. సోఫాలోంచి లేవకుండా "నేనేమైనా సాయం చెయ్యనా" అని గొంతు మాత్రం పంపేవాడు రెండోవాడు. వేడివేడి కూర ముందు పెట్టుకుని, దానికి నాలుగు వైపులా ఫోను తిప్పుతూ, అది చల్లారాక "కాస్త వేడి చేస్తారా" అనేవాడు మూడోవాడు. ఈ ముగ్గురికీ ఈ కావ్యంలో అంట్లు తోమే అధికారం తప్ప మరో అధికారం లేదు.

కథలోకి వద్దాం. ఈ నలుగురు రాజులూ ఒకప్పుడు ఒకే హాస్టలు మెస్సులో నీళ్ళచారు తాగి ప్రాణాలు నిలుపుకున్నవారు. ఆ చారులో పప్పుగింజ దొరికినవాడు ఆ రాత్రికి చక్రవర్తి. ఇప్పుడు ఉద్యోగాలు, ఈఎంఐలు, మోకాళ్ళ నొప్పులు వచ్చాక, వీలున్న ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి వండుకుని తినడం ఆచారం. ఈసారి వంతు గుంటూరు మండలాధీశుడిది. ఆయన పట్టమహిషి బ్యాంకు ఉద్యోగిని. ఆమె ముందురోజు రాత్రే శాసనం వేయించింది: "వంట మీదే, గిన్నెలు మీవే. నేను పేపరు చదువుకుంటాను." హాల్లో టీవీకి ఎదురుగా, మడతకుర్చీలో, గృహపతి తల్లి. అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. కురుసభలో భీష్ముడిలా ఆమె అన్నీ వింటుంది, ఏదీ మాట్లాడదు. అయితే భీష్ముడికి సీరియల్ లేదు, ఈమెకుంది.

దండయాత్ర తెల్లవారకముందే మొదలైంది. పుష్యమాసం, మంచు పట్టిన వేళ, మఫ్లరు కిరీటంగా, గుడ్డసంచి డాలుగా, గృహపతి స్కూటరెక్కి రైతుబజారు మీదికి కదిలాడు. ప్రబంధాల్లో ఉద్యానవర్ణన అంటే మల్లెలు, మావిచిగుళ్ళు, ఒకట్రెండు కోయిలలు. 1999 లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు వచ్చాక తెలుగువాడికి అసలైన ఉద్యానం అదే. మంచుకు తడిసిన కొత్తిమీర కట్టలు, మట్టి వదలని ముల్లంగి, గోనెపట్టా మీద రాశిపోసిన చిక్కుళ్ళు, ఆ పక్కన నీలిమణుల గుట్టలా వంకాయలు. బోర్డు మీద కిలో ధర సుద్దముక్కతో రాసి ఉంటుంది. బేరం ఆడే అవకాశం లేని ఆ బజారులో కూడా బేరమాడి చూసే వీరులు మనలో ఉన్నారు. గృహపతి వారిలో అగ్రగణ్యుడు.

వంకాయను ఎన్నుకోవడం మంత్రిని ఎన్నుకోవడం కన్నా కష్టం. చేతిలోకి తీసుకుంటే సైజుకు తగ్గ బరువు ఉండకూడదు, బరువున్నదంటే లోపల గింజ ముదిరింది. తొడిమ పచ్చగా ఉండాలి, దాని ముళ్ళు వేలికి గుచ్చుకోవాలి. గుచ్చుకోని ముల్లు నిన్నటి ముల్లు. చర్మం మీద మెరుపుండాలి. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగి మళ్ళీ లేవాలి. ఇవన్నీ చూశాక అసలు శత్రువు కోసం వెతకాలి. కాయతొలుచు పురుగు పసిగా ఉన్నప్పుడే సూదిమొనంత దారి చేసుకుని లోపలికి దూరి, వెనక తలుపు తన మలంతోనే మూసేసుకుంటుంది. కోటలో దూరిన వేగుకు కూడా అంత తెలివి ఉండదు. పైకి నిగనిగలాడే కాయ లోపల ఆయన సంసారం చేసుకుంటూ ఉంటాడు. అందుకే గుత్తి వంకాయకు ప్రతి కాయనూ చీల్చి, వెలుతురుకు పట్టి చూడాలి. సందేహం వచ్చిన కాయకు ఆ సభలో స్థానం లేదు.

తొమ్మిది గంటలకల్లా మిగతా రాజ్యాల వారు విచ్చేశారు. అనంతపురం ప్రభువు ఒక గుడ్డమూటతో, నిజామాబాద్ మహారాణి (ఆమెను అందరూ అక్కా అంటారు) ఒక స్టీలు డబ్బాతో, కాకినాడ రాకుమారుడు ఒక ప్లాస్టిక్ కవరుతో. ఎవరి చేతుల్లో ఏముందో ఎవరూ అడగలేదు. యుద్ధానికి వచ్చేవాడు ఆయుధం దాచుకుని రావడం మర్యాద. ఈ కవికి రాజ్యం లేదు. వెల్లుల్లి ఒలిచే ఉద్యోగం ఉంది. స్టూలు మీద కూర్చుని ఒలుస్తూనే ఈ చరిత్రంతా చూశాను.

జలక్రీడతో నాంది. వంకాయలను తొడిమ ఊడకుండా కింది నుంచి నాలుగు పక్షాలుగా చీల్చి, ఒక్కొక్కటిగా ఉప్పునీళ్ళ గిన్నెలోకి జారవిడిచారు. గాలి తగిలితే ఈ సుకుమారికి నిమిషాల్లో మేను నల్లబడుతుంది. నీళ్ళలో మునకలేస్తున్న ఆ నీలవేణులను ఒకసారి చూసి, "లేతగా ఉన్నాయి" అన్నారు నలుగురూ ఏకకంఠంతో. ఆ రోజు వారు ఏకీభవించిన చివరి మాట అదే.

ఇక మంతనం. సభ వంటగట్టు చుట్టూ తీరింది. ప్రశ్న ఒక్కటే: వంకాయ కడుపులో ఏం కూరాలి?

గృహపతి గొంతు సవరించుకున్నాడు. "ఏముందయ్యా ఆలోచించడానికి? పచ్చిశనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు దోరగా వేయించు. చింతపండు, వెల్లుల్లి వేసి దంచు. కూరకారం కూరు. నూనెలో మగ్గనియ్యి. అంతే."

"యాడన్నా శెనక్కాయ ఇత్తనాలు లేకుండా గుత్తొంకాయ చేస్తారేమిరా?" అని అనంతపురం ప్రభువు గుడ్డమూట విప్పాడు. లోపల వేయించి, పొట్టు ఊది తెచ్చిన వేరుశనగపప్పు. వానలు కరుణించని ఎర్రనేలలో, ఉన్న తడినంతా గింజలోకి లాక్కుని పుట్టిన యోధులు. ఆ పరిమళానికి గృహపతి కూడా ఒక గింజ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత అది వ్యూహమని, లొంగుబాటు కాదని వాదించాడు.

అక్క డబ్బా మూత తీసింది. "పల్లీలు ఒక్కటేస్తె ఎట్లయితది తమ్మీ? నువ్వులెయ్యాలె, ఎండుకొబ్బరెయ్యాలె, చింతపులుసు చిక్కగ పొయ్యాలె. గప్పుడు అన్నంల కలుపుకుంటె తెలుస్తది కూరంటె ఏందో." డబ్బాలో నూరి తెచ్చిన ముద్ద అప్పటికే సిద్ధంగా ఉంది. చర్చకు రాకముందే తీర్మానం రాసుకొచ్చిన ఏకైక రాజ్యాధినేత ఆమె.

కాకినాడ రాకుమారుడు తిట్టేటప్పుడు కూడా అండి అనే జాతి. "మా వైపు అల్లం, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర నూరి పెడతామండి. ఆ పచ్చివాసనకి ఏటవతల నుంచి కూడా జనం వచ్చేస్తారండి. ఆఖర్లో కాసింత బెల్లం..."

బెల్లం అన్న శబ్దం వినిపించగానే సభలో ఫ్రిజ్ మోత తప్ప మరో ధ్వని లేదు. గుంటూరు కళ్ళు ఎర్రబడ్డాయి. అనంతపురం కింది పెదవి కొరికింది. అక్క "బెల్లమా? కూరలనా?" అని రెండే మాటలన్నది. పూర్వం ఇంతకన్నా చిన్న కారణాలకు రాజ్యాలు కూలాయి. రాకుమారుడు మాత్రం చెక్కుచెదరకుండా, "మీరు తినకపోతే మానెయ్యండి, ఆ కాయలు నాకు విడిగా పెట్టండి" అన్నాడు. ఇందాకటి అండీలు కూడా కోపానికి ఎగిరిపోయాయి, పెట్టండి, మానెయ్యండి మాత్రం మిగిలాయి.

ఇక్కడ కవి జోక్యం తప్పదు. కట్టెదుట పరచిన ఆయుధాలను చూస్తే నాకు నవ్వొచ్చింది. ఎవరి రాజ్యం పేరు మీద యుద్ధం జరుగుతున్నదో ఆ సైన్యాల్లో సగం కిరాయి సేనలు. గుంటూరు పౌరుషానికి ప్రాణమైన మిరప అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసు ఓడల చలవతో మన గడ్డ మీద దిగింది. అనంతపురం వేరుశనగ దక్షిణ అమెరికాది. తరతరాలుగా మనదే అనుకుంటున్న చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా. ఇంగువ నేటికీ అఫ్ఘనిస్తాన్, ఇరాన్ కొండల నుంచి దిగాల్సిందే. మన దేశంలో మనమే పెంచుకుందామని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో 2020 అక్టోబరులో మొక్కలు నాటారు గానీ, పోపుకు అందాలంటే ఓపిక కావాలి. ఆసియా నేలదే అని కచ్చితంగా చెప్పదగ్గవాళ్ళలో అక్కగారి నువ్వులున్నాయి, ఉప్పునీళ్ళలో మునిగి అన్నీ వింటున్న వంకాయ ఉంది. ఇదంతా నేను సభకు విన్నవించాను. "వెల్లుల్లి అయిందా?" అన్నాడు గృహపతి. రాజసభలో పండితుడి గతి ఎప్పుడూ ఇంతే.

సంధి కుదిర్చింది పట్టమహిషి. పేపరు మడవకుండానే లోపలి నుంచి ఒక మాట విసిరింది: "నాలుగు భాగాలు చేసుకుని ఎవరిది వాళ్ళు కూరుకోండి. మూకుడు పెద్దదేగా."

ఆ విధంగా ఒక మూకుడులో నాలుగు రాజ్యాలు ఏర్పడ్డాయి. ఈశాన్యాన గుంటూరు, ఆగ్నేయాన అనంతపురం, నైరుతిన నిజామాబాదు, వాయవ్యాన కాకినాడ. భూగోళం ఒప్పుకోదు, కానీ స్టవ్ బర్నరు ఒప్పుకున్నది. సరిహద్దు రాళ్ళుగా నిలువునా ఎండుమిరపకాయలు పేర్చారు. ఎవరి సైన్యం వారు కడుపులు నింపి, తొడిమలు పైకి ఉండేలా నిలబెట్టారు.

కూరడంలో కూడా రాజనీతి ఉంది. ఎక్కువ కుక్కితే కాయ చీలి సేన చెల్లాచెదురు. తక్కువ పెడితే తినేవాడికి కాయలో కాయే మిగులుతుంది. ఎడమచేతి వేళ్ళతో నాలుగు రెక్కలనూ కొంచెం విడదీసి, కుడిచేతి చూపుడువేలితో ముద్దను అడుగు దాకా తోసి, మళ్ళీ పువ్వును మొగ్గగా మూసేయాలి. అక్క చేతిలో ఇది క్షణంలో జరిగేది. అనంతపురం ప్రభువు చేతిలో మూడు కాయలు వీరస్వర్గం అలంకరించాయి, వాటిని ఆయన ముక్కలుగానే మూకుడు మధ్యలో వేసి, "ఇది తటస్థ ప్రాంతం" అన్నాడు.

ఇలా ఉండగా విరహ ఘట్టం జరిగింది. ఉల్లిపాయలు తరిగే పని రాకుమారుడికి అప్పగించారు. కత్తి దిగగానే ఉల్లి కణాలు తెగి గంధకం కలిసిన ఒక వాయువు పైకి లేస్తుంది. అది కంటిని తాకి మండిస్తుంది. ఈ శాస్త్రం తెలియని గృహపతి కొడుకు గుమ్మంలో నిలబడి "అంకుల్ ఎందుకేడుస్తున్నారు?" అన్నాడు. పదకొండు గంటలకు నిద్రలేచి, జుట్టు చెదిరి, ఛార్జరు వైరు చేత్తో పట్టుకుని, వెలుగు భరించలేని కళ్ళతో గదిలోంచి బయటికొచ్చిన ఆ యువరాజు దర్శనాన్నే కుమారోదయంగా పాఠకులు స్వీకరించాలి. "బెల్లం వద్దన్నారు బాబూ" అన్నాడు రాకుమారుడు కళ్ళు తుడుచుకుంటూ.

రెండో పొయ్యి మీద కుక్కరు తపస్సు మొదలుపెట్టింది. ఈయన వంశం ఘనమైనది. మూలపురుషుడు డెనీ పాపెన్ అనే ఫ్రెంచివాడు. 1679 లో లండన్ రాయల్ సొసైటీ పండితుల ముందు మూత బిగించిన పాత్రలో ఆవిరిని బంధించి చూపాడు, అది పేలిపోకుండా పైన ఒక బరువు పెట్టాడు. 1682 లో ఆ పండితులకు ఆ పాత్రలో వండిన విందు కూడా పెట్టాడు. ఎముకలు సైతం జున్నులా మెత్తబడ్డాయని ఆ విందు తిన్న జాన్ ఎవలిన్ డైరీలో రాసుకున్నాడు. మామూలు గిన్నెలో 100 డిగ్రీల దగ్గర ఆగిపోయే నీటి వేడి ఈయన కడుపులో 120 దాకా పోతుంది. ఎముకలనే లొంగదీసిన ఆ మహర్షికి కందిపప్పు ఒక లెక్కా? మూడు విజిల్స్ అని గుంటూరు, నాలుగు అని నిజామాబాదు. మూడో కూతకు ఒకరు ఆపబోతే ఒకరు చేయి పట్టుకున్నారు. ఆ పెనుగులాటలో ఐదు వచ్చాయి. పప్పు ఎవరి వాదనకూ సాక్ష్యం చెప్పలేనంతగా ఉడికింది. అందులో పసుపు వేసి కలపగానే ఎక్కిన ఆ కాంతి సూర్యోదయం. మధ్యాహ్నం పన్నెండు కావస్తున్నది, అయినా కావ్యంలో సూర్యుడు కవి చెప్పినప్పుడే ఉదయిస్తాడు.

ఇక యుద్ధం. పోపుల పెట్టె మూత తెరుచుకున్నది. నూనె వేడెక్కి అలలు పోయింది. ఆవాలు దూకాయి. నల్లని, చిన్న, ఎవరూ లెక్కచెయ్యని సైనికులు. లోపలి తేమ ఆవిరై పొట్టు చీల్చుకునేసరికి ఒక్కొక్కడూ ఒక్కొక్క ఫిరంగి. ఒకడు గృహపతి మణికట్టు మీద, ఒకడు అక్క చీర కుచ్చిళ్ళ మీద, ఒకడు నా కళ్ళజోడు మీద ప్రాణాలు అర్పించారు. వెనకనే మినప్పప్పు, దాని వెనక జీలకర్ర, కరివేపాకు పడగానే వానపిడుగులు. అప్పుడు ఇంగువ.

ఇంగువ దూత. మేఘానికి యక్షుడు దారి చెప్పాల్సి వచ్చింది, ఇంగువకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంటింటి కిటికీలోంచి బయలుదేరి, వెంటిలేటరు దాటి, లిఫ్టు పక్క సందులోంచి ఎదురువాటా తలుపు కింద దూరింది. అయిదు నిమిషాల్లో కాలింగ్ బెల్ మోగింది. ఎదురింటావిడ. "ఏం వండుతున్నారు వదినా, వాసన మా హాలంతా వచ్చేసింది" అంటూ, చేతిలో గిన్నె, గిన్నెలో కదిలిస్తే కదలని పెరుగు. చలికి ఈ ఇంట్లో తోడుకోని పాలు గిన్నెలో పాలుగానే మిగిలిన సంగతి ఆమెకెవరు చెప్పారో ఇంగువనే అడగాలి. చంద్రోదయం అయింది.

మూకుడు మీద మూత పెట్టి మంట తగ్గించారు. లోపల ఏం జరుగుతున్నదో తెలియని ఆ పావుగంట నలుగురు సేనాపతులూ ఒకరినొకరు కనిపెడుతూ నిలబడ్డారు. మగ్గిన కాయలను తిప్పాలి. లేకపోతే ఒక వైపు మాడుతుంది, ఒక వైపు పచ్చిగా ఉంటుంది. అట్లకాడ ఎవరి చేతికివ్వాలన్నది రెండో మంతనం. చివరికి తటస్థుడినని నాకిచ్చారు. నేను ఎంతో భయభక్తులతో ఈశాన్యం నుంచి మొదలుపెట్టాను. మూత తీయగానే ఆవిరి కళ్ళద్దాలను కప్పేసింది. ఆ పొగమంచులో సరిహద్దు మిరపకాయలు ఎప్పుడు జరిగాయో, ఏ కాయ ఎటు దొర్లిందో, నువ్వుల ముద్ద కూరకారంలోకి, కొత్తిమీర వేరుశనగలోకి ఎలా చొరబడిందో మహాభారత సంజయుడు కూడా చెప్పలేడు. ఆవిరి తేలిపోయాక చూస్తే ఒకే రాజ్యం. నూనె పైకి తేలి, తొడిమలన్నీ ఒకే రంగుకు తిరిగి, ఘుమఘుమలాడుతూ ఉన్నది.

ఎవరూ నన్ను తిట్టలేదు. ఆకలి వేళ రాజులు క్షమాశీలురు.

వడ్డన మొదలైంది. కంచాలు కింద చాప మీద పెట్టుకున్నారు, మోకాళ్ళ నొప్పులవారికి కుర్చీలు. ముద్దపప్పుకు, కొత్త ఆవకాయ లేని కాలం కాబట్టి పాత ఆవకాయకు పెళ్ళి జరిగింది. నెయ్యి పౌరోహిత్యం వహించింది. వేడి అన్నం మండపం మీద ఆ దంపతులు ఒకటైన తీరు చెప్పడానికి నాకు మాటలు చాలవు, నోట్లో ముద్ద ఉంది. రతోత్సవ వర్ణన కూడా ఇక్కడే చెయ్యాలి గానీ, పెద్దమ్మ హాల్లోనే ఉంది. మధుపానానికి మజ్జిగ గ్లాసులు తిరిగాయి. అందులో ఉన్నది మజ్జిగేనని పట్టమహిషి వాసన చూసి ధ్రువపరచింది. సముద్రం స్థానంలో చారు గిన్నె ఉంది. అందులో గరిటె మునిగిపోయి, దాన్ని తీయడానికి వేసిన రెండో గరిటె కూడా మునిగిపోయింది కాబట్టి ఆ పోలిక అతిశయోక్తి కాదు.

అసలు ద్వంద్వయుద్ధాలు వడ్డనలోనే జరుగుతాయి. వంటింట్లో జరిగేది సేనల తరలింపే. గృహస్థు గరిటెతో వస్తాడు. అతిథి "చాలు" అంటాడు. తెలుగులో మొదటి చాలుకు ఇంకొంచెం అని అర్థం. రెండో చాలుకు కంచం మీద అరచేయి అడ్డం వస్తుంది, వేళ్ళ మధ్య సందు మాత్రం ఉంటుంది. ఆ సందులోంచి ఒక వంకాయను జారవిడవగలిగినవాడే నిపుణుడైన ఆతిథేయుడు. మూడో చాలుకు అతిథి రెండు చేతులూ కప్పి, ముందుకు వంగి, కోటగోడలా కంచాన్ని కాపాడుకుంటాడు. అప్పుడు గృహస్థు "సరే, వద్దులే" అని వెనుదిరిగినట్టు నటించాలి. అతిథి చేతులు తీస్తాడు. వెనక నుంచి వచ్చిన అక్క వేసేస్తుంది. ఆ రోజు కాకినాడ రాకుమారుడు ఈ రీతిగా నాలుగుసార్లు ఓడిపోయి, నాలుగుసార్లూ ఓటమిని సంపూర్ణంగా తినేశాడు. రెస్టారెంటులో ఈ యుద్ధం ఉండదు. అక్కడ చాలంటే చాలే. అందుకే అక్కడ ఎంత తిన్నా మనం తిన్నట్టు అనిపించదని నా అభిప్రాయం.

కానీ కూర మొదటి ముద్ద నోట్లో పడ్డ క్షణంలో ఒక చిత్రం జరిగింది. నలుగురూ నమిలారు. నలుగురూ ఆగారు. "నా పల్లీల రుచి ఎక్కడో తగులుతూంది" అని అనంతపురం. "నువ్వులే పైకి తేలినయ్" అని అక్క. "ధనియాల వాసన దాగుద్దా?" అని గుంటూరు. "ఆ లోపలి తీపి గమనించారా, అండీ?" అని కాకినాడ. ఆవిరి చాటున ఆయన బెల్లం వేసిన సంగతి అప్పుడు బయటపడింది. ప్రతివాడూ కూర తనదేనని అంటున్నాడు, ప్రతివాడి మొహంలోనూ ఏదో వెలితి. ఏదో ఉంది, ఏదో లేదు.

మడతకుర్చీ కదిలింది. ప్రకటనల విరామం వచ్చింది కాబోలు, పెద్దమ్మ కంచంలోంచి ఒక వంకాయ తుంచి నోట్లో వేసుకుంది. సభ అంతా ఆమె దవడ వైపు చూసింది.

"ఉప్పెవరేశార్రా?"

గుంటూరు అనంతపురం వైపు చూసింది. అనంతపురం నిజామాబాదు వైపు. "నీళ్ళల్ల ఏసినం గద" అన్నది అక్క నెమ్మదిగా. "నేను మీరు వేస్తారనుకున్నానండి" అన్నాడు రాకుమారుడు. నాలుగు రాజ్యాల శాస్త్రాలు, దండి చెప్పిన మంతనం, అమెరికా నుంచి వచ్చిన సేనలు, అఫ్ఘనిస్తాన్ దూత, అందరూ ఉన్నారు. చినగంజాం కొఠారుల్లో ఎండలో పుట్టి, కిలో ప్యాకెట్టులో గట్టు మీదనే కూర్చుని ఉన్న ఒకే ఒక్క సామాన్యుణ్ణి ఎవరూ యుద్ధానికి పిలవలేదు.

పెద్దమ్మ లేచింది. వంటింట్లోకి నడిచింది. ఆమెకు దారి ఇవ్వడానికి ముగ్గురు పక్కకు తిరిగారు. గోరువెచ్చని నీళ్ళలో కల్లుప్పు కరిగించి, చింతపండు రసం రెండు గరిటెలు కలిపి, మూకుడు అంచు చుట్టూ పోసి, మూత పెట్టి, "అయిదు నిమిషాలు" అన్నది. వంకాయలకు ఆ తడి లోపలి దాకా పట్టేంత సేపు మళ్ళీ పెళ్ళివారు చేతులు ఎండగట్టుకుని కూర్చున్నారు. ఆమె కొలత చూడలేదు. రుచి చూడలేదు. మూత తీసి, ఒకసారి వాసన చూసి, సీరియల్ వస్తున్నదని వెళ్ళిపోయింది.

తర్వాతి విడత తిన్నాక ఎవరూ ఎవరి రాజ్యం పేరూ ఎత్తలేదు. మాట్లాడటానికి ఖాళీ లేదు.

చివరికి మూకుడులో ఒక్క వంకాయ మిగిలింది. ఎంత ఆకలి వేసినా ఆఖరి కాయ తీసుకునేవాడు తెలుగునేల మీద పుట్టలేదు. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని మూకుడు నలుగురి ముందూ తిరిగింది. అనంతపురం ధర్మం చెప్పింది, గుంటూరు త్యాగం చెప్పింది, అక్క "పిల్లగానికి పెట్టుండ్రి" అన్నది. పిల్లగాడు నూడుల్స్ చేసుకుంటానన్నాడు. ఈ వాదోపవాదాలు సాగుతుండగా పట్టమహిషి వచ్చి, ఆ కాయను పెరుగన్నం పక్కన పెట్టి, అత్తగారికి ఇచ్చి వచ్చింది. లక్షణకర్తలు కోరిన నాయకాభ్యుదయం ఇదేనని నా మనవి. నాయకుడు ఎవరన్నది పండితులు తేల్చుకోవచ్చు. వంకాయా, ఉప్పా, పెద్దమ్మా?

పద్దెనిమిదిలో ఇక కొండ మాత్రమే బాకీ. అది సింకులో ఉంది. శిఖరాన కుక్కరు, నడుమన మూకుడు, లోయల్లో గరిటెలు, పాదాన మజ్జిగ వాగు. ఎవరూ అటు చూడటం లేదు.

ఇది శ్రీమత్పోపులపెట్టె కరుణాకటాక్షలబ్ధ జిహ్వాచాపల్య, వెల్లుల్లి రెబ్బలొలిచి గోళ్ళు మండిన, అట్లకాడ చేతబూని సరిహద్దులు చెరిపిన కవిపుంగవ ప్రణీతంబైన వార్తాక విజయంబను మహాప్రబంధంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము. అంట్లపర్వమనెడు ద్వితీయాశ్వాసమునకు కవి కావలెను. సొంత పీచు తెచ్చుకొనువారికి ప్రాధాన్యము.